సంఘ కాపరి బోధతో ఏకీభవించలేనప్పుడు

ఆదివారం ఆరాధన ముగిసింది. ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక ఎవరో ఒకరు అంటారు: "అయ్యగారు ఈరోజు చెప్పింది వాక్యప్రకారం సరైనదేనంటారా?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అయితే అది అక్కడి నుండి ఎటు వెళుతుందో చూడండి. సోమవారం ఫోనులో చెల్లెలి ఇంటికి చేరుతుంది. బుధవారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవిగా వినబడుతుంది. నెల తిరిగేసరికి ఎవరో బోధకుని వీడియో ముక్కతో కలిసి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆరు నెలలకు నాలుగు కుటుంబాలు పక్క వీధిలో రేకుల షెడ్డు కింద వేరుగా కూడుకుంటాయి. ఏం జరిగిందని కాపరిని అడిగితే ఆయన నిజమే చెబుతారు: "నాతో ఎవరూ ఒక్క మాట అనలేదండీ."

ఆ ప్రశ్న ఊరంతా తిరిగింది గాని, వెళ్ళవలసిన ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

బోధ విషయంలో కాపరితో ఏకీభవించలేకపోవడం పాపం కాదు. ఆ భేదాన్ని ముందుగా ఎవరి దగ్గరికి, ఏ మనసుతో తీసుకెళ్ళాం అన్నదే ప్రభువు ఎదుట మనం లెక్క చెప్పవలసిన సంగతి. ఈ విషయంలో విశ్వాసులు అడిగే ప్రశ్నలను దృష్టిలో ఉంచుకొని, వాక్యం చూపే దారిని ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాం.

భేదాభిప్రాయం సంఘానికి కొత్త కాదు

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చదవండి. అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందాలా వద్దా అన్న విషయంపై అంతియొకయలో పెద్ద వివాదమే రేగింది. పౌలు, బర్నబా నోరు మూసుకొని కూర్చోలేదు, వేరే సంఘమూ పెట్టుకోలేదు. యెరూషలేముకు వెళ్ళి అపొస్తలుల ముందు, పెద్దల ముందు ఆ సంగతి ఉంచారు. అక్కడ పేతురు మాట్లాడాడు, బర్నబా, పౌలు తమ సేవలో దేవుడు చేసినవి వివరించారు, యాకోబు లేఖనం చూపాడు. తీర్మానం ఉత్తరంగా రాసి, మనుషులను తోడిచ్చి పంపారు. వాదన బహిరంగంగా జరిగింది కాబట్టి సమాధానమూ బహిరంగంగానే వచ్చింది.

మన తెలుగు నేలపై కూడా అంతే. 1842లో గుంటూరుకు వచ్చిన హయ్యర్ దొర ద్వారా వేరూనిన లూథరన్ సంఘాలు శిశువులకు బాప్తిస్మమిస్తాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు బాప్టిస్టు సంఘాలు, విశ్వాసాన్ని ఒప్పుకున్నవారికి ముంచడం ద్వారానే ఇస్తాయి. ఒక ఊరి నుండి మరొక ఊరికి బస్సులో వెళ్ళేంత దూరంలోనే ఈ రెండు బోధలూ తరతరాలుగా నిలిచి ఉన్నాయి. రెండు చోట్లా ప్రకటించబడేది సిలువ వేయబడి తిరిగి లేచిన యేసు ప్రభువే.

దక్షిణ ఇండియా సంఘం పుట్టుకను కూడా గుర్తు చేసుకుందాం. ఆంగ్లికన్లకు బిషప్పులు ఉన్నారు, ప్రెస్బిటీరియన్లకు, కాంగ్రిగేషనలిస్టులకు లేరు. సంఘ పరిచర్య విషయంలో ఇది చిన్న తేడా కాదు. 1919లో తరంగంబాడిలో ఐక్యత కోసం మాటలు మొదలయ్యాయి. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు అందులో ముఖ్యులు. సంఘం ఏర్పడింది మాత్రం 1947 సెప్టెంబరు 27న. ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చొని మాట్లాడారు. అజరయ్య గారు 1945 జనవరిలోనే ప్రభువు సన్నిధికి వెళ్ళారు, ఆ రోజును కళ్ళతో చూడలేదు. ఒక్క ఆదివారం ప్రసంగం నచ్చక మరుసటి ఆదివారానికి సంఘం మారిపోయే మనకు ఆ ఇరవై ఎనిమిదేళ్ళు ఏదో చెబుతున్నాయి.

ముందు విషయాన్ని తూకం వేయండి

అన్ని భేదాలూ ఒకే బరువు గలవి కావు. మీకు వచ్చిన ప్రశ్న వీటిలో దేనికి చెందుతుందో మొదట తేల్చుకోండి.

ఒకటి, సువార్తకు సంబంధించినవి. క్రీస్తు మన పాపాల కోసం చనిపోవడం, సమాధి చేయబడడం, మూడవ దినాన లేవడం (1 కొరింథీ 15:3-4). ఆయన శరీరధారియై రావడం (1 యోహాను 4:2-3). రక్షణ కృప చేత విశ్వాసం ద్వారా కలగడం (ఎఫెసీ 2:8-9). వీటిని కాదనే బోధ విషయంలో పౌలు ఎంత కఠినంగా మాట్లాడాడో గలతీ 1:8-9లో చూడండి. ఇక్కడ రాజీకి చోటు లేదు.

రెండు, సంఘ క్రమానికి సంబంధించినవి. బాప్తిస్మం ఎవరికి, ఎలా ఇవ్వాలి, ప్రభురాత్రి భోజనాన్ని ఎలా గ్రహించాలి, భాషల వరం, ప్రవచన వరం, స్త్రీల పరిచర్య, సంఘ పరిపాలన. వీటిపై లేఖనాన్ని ప్రేమించేవారే వేరు వేరు నిర్ణయాలకు వచ్చారు. ఒకే సంఘంలో రెండు పద్ధతులు నడపడం కష్టం కావచ్చు గాని, ఎదుటివారిని అవిశ్వాసులని పిలిచే హక్కు మనకు లేదు.

మూడు, మనస్సాక్షికి విడిచిపెట్టినవి. డిసెంబరు 25ను ఆచరించాలా, నగలు పెట్టుకోవచ్చా, ఉపవాసం ఎన్ని రోజులు, ఏ అనువాదం చదవాలి వంటివి. రోమా 14వ అధ్యాయం దినాల గురించి, భోజనం గురించి చెప్పినది వీటికి వర్తిస్తుంది. తినేవాడు తిననివాణ్ణి చులకన చేయకూడదు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మూడో వరుసలోని సంగతి ఒక్కోసారి మొదటి వరుసకు వచ్చేస్తుంది. పౌలు తిమోతికి సున్నతి చేయించాడు (అపొ. కార్యములు 16:3). అదే పౌలు తీతుకు సున్నతి చేయించమన్నప్పుడు గడియసేపైనా లొంగలేదు (గలతీ 2:3-5). ఎందుకు? మొదటిది యూదుల మధ్య సేవ కోసం చేసింది. రెండోది రక్షణకు షరతుగా అడిగారు. నగలు తీసివేయడం ఒక సోదరి ప్రభువుకు అర్పించుకున్న క్రమమైతే ఆమెను గౌరవించండి. నగలు తీయనివారికి పరలోకం లేదని పుల్పిటు మీద నుండి బోధిస్తే, అప్పుడది నగల సంగతి కాదు, సువార్త సంగతి.

అలాగే ప్రార్థించాం కాబట్టి షుగరు మాత్రలు, టీబీ మందులు మానెయ్యమని బోధిస్తే, అది అభిప్రాయ భేదంగా వదిలేసే విషయం కాదు. పౌలు వెంట లూకా అనే వైద్యుడు ఉన్నాడు (కొలొస్సీ 4:14). మందు వాడేవారిని అవిశ్వాసులనడానికి లేఖనంలో ఆధారం లేదు. ఇలాంటి చోట నెలల తరబడి ఆగకండి. రోగిని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, తర్వాత కాపరితో మాట్లాడండి.

ఇక సంఘ ధనం దుర్వినియోగం, వ్యభిచారం, పిల్లలపై వేధింపు వంటివి బోధ భేదాలే కావు. వాటిని ఈ వ్యాసంలోని పద్ధతితో కొలవకండి. ముఖ్యంగా పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని మత్తయి 18ని చూపడం ఆ బిడ్డకు అన్యాయం చేయడమే. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత. 1098 నంబరుకు ఫోను చేసి కూడా సహాయం కోరవచ్చు.

కాపరి దగ్గరికి వెళ్ళకముందు

మీరు సరిగానే విన్నారా? ఆ ప్రసంగం రికార్డింగు ఉంటే మళ్ళీ మొత్తం వినండి. మూడు నిమిషాల ముక్క విని ముప్పై నిమిషాల బోధకు తీర్పు తీర్చవద్దు.

లేఖనాన్ని పరిశోధించారా? బెరయ వారు పౌలు మాటలను ఆసక్తితో అంగీకరించారు, అదే సమయంలో అవి అలాగే ఉన్నాయో లేదో ప్రతిదినం లేఖనాలు చూసుకున్నారు (అపొ. కార్యములు 17:11). ఆ రెండూ కలిసే ఉండాలి. పరిశోధన లేని ఆసక్తి గుడ్డిది, ఆసక్తి లేని పరిశోధన తప్పులు వెదికేది. ఒక్క వచనం పట్టుకోకుండా ఆ అధ్యాయమంతా చదవండి. అదే విషయంపై బైబిలు మరొకచోట ఏమి చెబుతుందో చూడండి.

మీ సంఘం ఏమి నమ్ముతుందో మీకు తెలుసా? లూథరన్లకు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఉంది. దక్షిణ ఇండియా సంఘం అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని, నైకయ విశ్వాస ప్రమాణాన్ని ఒప్పుకుంటుంది. చాలా బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలకు వ్రాతపూర్వక విశ్వాస ప్రకటన ఉంటుంది. కాపరి తన సంఘ విశ్వాసాన్ని బోధించినప్పుడు ఆయన కొత్త బోధ తెచ్చారనడం న్యాయం కాదు. ఆయన దాన్ని దాటి బోధిస్తే, మీ ప్రశ్నకు గట్టి ఆధారం ఉన్నట్టే.

చివరిగా, ఇది బోధ గురించిన బాధేనా? మన గృహప్రవేశానికి అయ్యగారు రాలేదు, మనబ్బాయిని కమిటీలోకి తీసుకోలేదు, క్వయిరులో మన అమ్మాయికి పాట ఇవ్వలేదు. ఆ గాయం మీద వాక్యం అనే కట్టు కట్టుకొని వెళ్ళేవారు మనలో లేకపోలేదు. గాయమే అయితే గాయమనే చెప్పండి. అదీ మాట్లాడదగిన విషయమే.

ఎలా మాట్లాడాలి

మత్తయి 18:15 మనకు నేర్పే మొదటి మెట్టు ఇద్దరే ఉండి మాట్లాడుకోవడం. అకుల, ప్రిస్కిల్ల కూడా అలాగే చేశారు. అపొల్లో గొప్ప వాగ్ధాటి గలవాడు, అయినా అతనికి యోహాను బాప్తిస్మం మట్టుకే తెలుసు. సమాజమందిరంలో అతణ్ణి నిలదీయకుండా, చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు (అపొ. కార్యములు 18:24-26). ఆ దంపతుల వల్ల సంఘం ఒక బోధకుణ్ణి పోగొట్టుకోలేదు, మరింత మంచి బోధకుణ్ణి సంపాదించుకుంది.

నా సేవలో జరిగిన ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పల్లె సంఘంలో మలాకీ 3వ అధ్యాయం నుండి దశమభాగం గురించి ప్రసంగించాను. ఇవ్వని ఇంటి మీద శాపం నిలుస్తుందని గట్టిగానే చెప్పాను. మంగళవారం సాయంత్రం రిటైరైన ఒక టీచరమ్మ మా ఇంటికి వచ్చారు. టీ తాగాక బైబిలు తెరిచి అన్నారు: "అయ్యగారూ, మన సంఘంలో ఫలానా విధవరాలు ఆదివారం నుండి సరిగా అన్నం తినడం లేదు. కొడుకు జ్వరం ఆ శాపమేనని భయపడుతోంది. గలతీ 3:13లో క్రీస్తు మన శాపాన్ని తానే మోశాడని ఉంది కదా. దాన్నీ మీరు చెప్పినదాన్నీ ఎలా కలుపుకోవాలో నాకు తెలియడం లేదు. కొంచెం చెప్పండి."

నేను ఏదేదో చెప్పాను. ఆమె వాదించలేదు, ప్రార్థన చేయమని అడిగి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు ఆ విధవరాలి ఇంటికి వెళ్ళాను. తర్వాతి ఆదివారం 2 కొరింథీ 9:7 చదివి, నేను చెప్పినదాన్ని సంఘం ముందు దిద్దుకున్నాను. ఆ టీచరమ్మ అంతకుముందు ఎవరితోనూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆమె ఆ మాట కమిటీ మీటింగులో లేచి అని ఉంటే నన్ను నేను సమర్థించుకొనేవాణ్ణేమో. ఎవరి చెవిలోనో అని ఉంటే నాకు తెలిసేదే కాదు, ఆ తల్లి భయం అలాగే ఉండిపోయేది.

ఆమె చేసిన దానిలో అందరూ పాటించదగిన క్రమం ఉంది.

1. ఆదివారం గుడి గుమ్మం దగ్గర అడగలేదు. ప్రసంగం చెప్పి అలసిన మనిషికి రెండు రోజులు విరామమిచ్చి వచ్చారు. మీరైతే ముందు ఫోను చేసి సమయం అడగండి.
2. ఒక్క ప్రశ్నే తెచ్చారు. పదేళ్ళ ఫిర్యాదుల చిట్టా విప్పలేదు.
3. "మీరు తప్పు చెప్పారు" అనలేదు, వాక్యం చూపి వివరించమన్నారు.
4. ఆ బోధ వల్ల ఒక మనిషికి ఏం జరుగుతోందో చెప్పారు.
5. అప్పటికప్పుడే జవాబు కోసం పట్టుబట్టలేదు. ఆలోచించుకొనే వ్యవధి ఇచ్చారు.

ఒంటరిగా వెళ్ళి మాట్లాడడం ఇబ్బందిగా ఉండే సోదరీలు భర్తనో, తల్లినో, పెద్ద వయసు గల విశ్వాసురాలినో తోడు తీసుకెళ్ళవచ్చు. అయ్యగారితోపాటు అమ్మగారు కూడా కూర్చుంటే మరీ మంచిది.

పౌలు అందరి ఎదుటే పేతురును నిలదీశాడు కదా అని కొందరు అడుగుతారు. గలతీ 2:11-14 జాగ్రత్తగా చదవండి. పేతురు అందరి ఎదుటే అన్యజనుల బల్ల నుండి లేచిపోయాడు, బర్నబా కూడా ఆ వేషధారణలో చిక్కుకున్నాడు, సువార్త సత్యమే ప్రమాదంలో పడింది. అక్కడ అపొస్తలుడైన పౌలు సాటి అపొస్తలునితో మాట్లాడాడు. ఆ వచనాన్ని మన కోపానికి లైసెన్సుగా వాడుకోకూడదు.

అక్కడ తేలకపోతే

మొదటి మాటతో తేలకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకెళ్ళండి. మీ పక్షం వహించేవారిని కాకుండా, ఇద్దరూ గౌరవించేవారిని ఎంచుకోండి. తర్వాత సంఘ పెద్దలు, డీకన్లు, పాస్టరేట్ కమిటీ, ఎవరుంటే వారు. పెద్ద మీద వచ్చే నేరారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని 1 తిమోతి 5:19 చెబుతుంది. ఆ మాట కాపరిని వదంతుల నుండి కాపాడుతుంది. ఆ వెంటనే 20వ వచనం, పాపంలో కొనసాగే పెద్దను అందరి ఎదుట గద్దించమంటుంది. అది సంఘాన్ని కాపాడుతుంది.

డయోసీసు, సినడు ఉన్న సంఘాల్లో పై అధికారులకు ఉత్తరం రాసే మార్గం ఉంది. రాసిన ఉత్తరం ప్రతి కాపరికి కూడా ఇవ్వండి. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల కాపరి పైన ఎవరూ ఉండరు. అక్కడ ఆయన మాట వినే ఒక వృద్ధ దైవసేవకుణ్ణి మధ్యవర్తిగా కోరండి.

ఈ కాలమంతా కొన్ని పనులు చేయవద్దు. ప్రార్థన మనవి పేరుతో కాపరి తప్పులు చాటవద్దు. కానుక ఆపి బెదిరించవద్దు. బహిరంగ ప్రార్థనలో దేవునితో మాట్లాడుతున్నట్టు కాపరికి చురకలు వేయవద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, భోజనం దగ్గర పిల్లల ముందు ఆయన్ను పలుచన చేయవద్దు. మీ కోపం కొన్నాళ్ళకు చల్లారుతుంది. పిల్లల మనసులో విరిగిన గౌరవం అంత తేలికగా అతకదు. వారు రేపు ఆ కాపరి మాటనే కాదు, ఏ కాపరి మాటనూ వినరు.

తోటి కాపరులకు ఒక మాట

ప్రశ్న అడిగినవారిని అభిషిక్తుల జోలికి వచ్చినవారని అనడం మనలో అలవాటైపోయింది. కీర్తన 105:15 సందర్భం చూడండి. పరదేశులుగా తిరిగిన పితరులకు రాజులు హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి అది. అభిషిక్తుడైన సౌలును చంపనన్న దావీదే, గుహ బయట నిలబడి సౌలు చేస్తున్నది అన్యాయమని ముఖం మీదే చెప్పాడు (1 సమూయేలు 24). చెయ్యి ఎత్తకపోవడం ఒకటి, నోరు విప్పకపోవడం ఒకటి.

నాయకులకు లోబడమన్న హెబ్రీ 13:17లోనే మనం వారి ఆత్మల విషయమై లెక్క అప్పగించాలని కూడా ఉంది. మందపై ప్రభువుల్లా ఉండవద్దని 1 పేతురు 5:3 హెచ్చరిస్తుంది. ప్రశ్న అడిగిన కుటుంబానికి పెళ్ళి ఉత్తరం ఆపడం, సమాధుల తోటలో చోటు నిరాకరిస్తామనడం కాపరితనం కాదు. మనతో విభేదించిన విశ్వాసి మన ఇంటి తలుపు తట్టాడంటే, అతనికి మన మీద ఇంకా నమ్మకం ఉందన్నమాట. భయపడవలసింది తట్టకుండానే వెళ్ళిపోయినవారి విషయంలో.

ఉండాలా, వెళ్ళాలా

రెండో, మూడో వరుస భేదాలతో ఒకే సంఘంలో జీవితమంతా ఉండవచ్చు. మీ అభిప్రాయం కాపరికి తెలుసు, ఆయన అభిప్రాయం మీకు తెలుసు, ఇద్దరూ ఒకే బల్లలో పాలు పొందుతారు. ఇది ఓటమి కాదు, ప్రేమలో ఎదగడమే.

సువార్తనే మార్చి బోధిస్తూ, పెద్దలు చెప్పినా దిద్దుకోకపోతే, లేదా మీ మనస్సాక్షికి విరుద్ధమైనది చేయమని బలవంతం చేస్తే, వెళ్ళవలసి రావచ్చు. అప్పుడు కాపరికి చెప్పి వెళ్ళండి. కారణాన్ని క్లుప్తంగా ఉత్తరంలో రాయండి. సండేస్కూలు, సంఘ లెక్కలు వంటి బాధ్యతలుంటే అప్పగించండి. వెంట మరో నాలుగు కుటుంబాలను పోగుచేసుకోకండి. కొత్త సంఘంలో పాత సంఘం కథలు చెప్పకండి. కొత్త కాపరి అడిగినా, జరిగింది రెండు మాటల్లో చెప్పి ముగించండి.

మార్కు విషయంలో పౌలు, బర్నబా తీవ్రంగా విభేదించి వేరయ్యారు (అపొ. కార్యములు 15:39). కథ అక్కడ ఆగలేదు. పౌలు చివరి దినాల్లో చెరసాల నుండి రాస్తూ, మార్కు పరిచర్యకు ప్రయోజనకరుడని, వెంటబెట్టుకు రమ్మని తిమోతిని కోరాడు (2 తిమోతి 4:11). దేవుని ఏర్పాటు విషయంలో జాన్ వెస్లీ, జార్జి విట్‌ఫీల్డ్ గార్లు 1739 నుండి ప్రసంగాల్లో, ఉత్తరాల్లో బహిరంగంగానే విభేదించారు. ఆ భేదం తీరలేదు. అయినా 1770లో విట్‌ఫీల్డ్ గారు చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారమే లండనులో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీ గారు.

విడిపోయినా, మళ్ళీ పిలుచుకోవడానికి వీలుండేలా విడిపోవాలి. ఉండిపోయినా, మనసులో మాట దాచుకోకుండా ఉండాలి. ఈ వారం మీ మనసులో అలాంటి ప్రశ్న ఏదైనా ఉంటే, గ్రూపులో రాయకముందు, భోజనం దగ్గర ఎత్తకముందు, మోకరించి ఆ కాపరి పేరు పెట్టి ప్రార్థించండి. తర్వాత ఫోను తీసి ఆయనకే చేయండి: "అయ్యగారూ, ఒక వాక్యం గురించి మీతో మాట్లాడాలి. ఎప్పుడు రమ్మంటారు?"

సత్యాన్ని ప్రేమతో పలికే నోటిని, దాన్ని తగ్గింపుతో వినే చెవిని ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక. ఆమేన్.